బిస్కెట్ ఉమ్మేసే బుజ్జికి ఏం పెట్టాలి?

ఇరవై రెండేళ్ళు డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడ, గుంటూరుల్లో ఇళ్ళకి వెళ్ళి కుక్కలకి నేర్పుతుంటాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిండి దగ్గర పేచీ పెట్టే కుక్కల గురించే. అందుకే అలాంటివి నాలుగు ఒకే చోట తీసుకున్నాను.

ప్రశ్న: నమస్కారం సార్. మాది సత్యనారాయణపురం. మా బుజ్జి తెల్ల స్పిట్జ్, ఆడది, రెండేళ్ళు, ఎనిమిది కిలోలు. గేటు తీస్తే చాలు, రోడ్డు మీదికి పరుగు. మొన్న ఆటో అతను సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి బతికింది. పిలిస్తే వచ్చేలా నేర్పుదామని నాలుగు రకాల ట్రీట్ ప్యాకెట్లు తెప్పించాను. వాసన చూస్తుంది, నోట్లో పెట్టుకుంటుంది, నా కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెళ్ళిపోతుంది. మాది శాకాహార కుటుంబం, ఇంట్లో గుడ్డు కూడా వండం. మా అత్తయ్యగారు కాఫీ తాగినప్పుడల్లా మేరీ బిస్కెట్ ముంచి పెడతారు, అది మాత్రం తింటుంది. పెరుగన్నం గిన్నె ఎప్పుడూ దాని పక్కనే ఉంటుంది, బుద్ధి పుట్టినప్పుడు నాలుగు మెతుకులు తింటుంది. మామయ్యగారి తువ్వాలు లాక్కుని ఇల్లంతా పరిగెత్తడం ఒక్కటే దానికి సరదా. ఇంత పేచీ కుక్కకి ఏం పెట్టి నేర్పాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు గేటు సంగతి. పిలుపు బాగా కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆటోవాళ్ళ బ్రేకుల మీద భారం వేయొద్దు. గేటు తీసే ముందు బుజ్జిని గదిలో పెట్టి తలుపు వేయండి, లేదా మెడపట్టీకి తాడు తగిలించి చేత్తో పట్టుకోండి. పాలు పోసే అబ్బాయికి, పనమ్మాయికి కూడా ఈ మాట చెప్పి ఉంచండి. ట్రీట్ల గొడవ దీని తర్వాతే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుజ్జి పేచీ కుక్క అని నాకు అనిపించలేదు. దానికి ఆకలి వెయ్యడం లేదంతే. లెక్క చూడండి. ఎనిమిది కిలోల ఇంటి కుక్కకి రోజుకి సుమారు 400 నుంచి 500 క్యాలరీలు సరిపోతాయి. ఒక్కో మేరీ బిస్కెట్‌లో 20 పైచిలుకు క్యాలరీలుంటాయి. అత్తయ్యగారు రోజుకి మూడుసార్లు కాఫీ తాగి, తాగినప్పుడల్లా రెండేసి బిస్కెట్లు పెట్టారనుకున్నా, దాని రోజు తిండిలో నాలుగో వంతు పైనే కాఫీ గ్లాసు దగ్గర అయిపోతోంది. ఆ పైన రోజంతా పెరుగన్నం. పెళ్ళి భోజనం చేసి చెయ్యి కడుక్కున్న మనిషి ముందు అరిసెల పళ్ళెం పెడితే ఏం చేస్తాడు? మర్యాదకి ఒకటి తీసుకుని పక్కన పెడతాడు. బుజ్జి చేస్తున్నదీ అదే.

కాబట్టి రేపటి నుంచి అన్నం గిన్నె రెండు పూటలే. కింద పెట్టండి, పదిహేను నిమిషాలు ఉంచండి, తిన్నా మానినా తీసేయండి. మళ్ళీ రాత్రికే. పస్తు పెట్టమని చెప్పడం లేదు. ఒకటి రెండు రోజులు సగం వదిలేస్తుంది, మీ మనసు కొట్టుకుంటుంది, అయినా గిన్నె తీసేయండి. మంచినీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి. వరసగా ఒక రోజంతా ఏమీ ముట్టకుండా నీరసంగా పడుకుంటే అది పేచీ కింద లెక్క కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే.

కాఫీ మాత్రం ఈ రోజే ఆపాలి. అందులో ఉండే కెఫీన్ కుక్కల గుండెకీ నరాలకీ చెరుపు చేస్తుంది. చాక్లెట్ కుక్కకి విషమయ్యేది కూడా దాదాపు అలాంటి పదార్థం వల్లే. మీది శాకాహారం కాబట్టి ఇంకో జాగ్రత్త. చక్కెర పొంగలిలో, కేసరిలో వేసే కిస్మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీయగలదు. ప్రసాదమే కదా, ఒక ముద్ద పెడితే ఏమవుతుందని అనుకోకండి. ద్రాక్షపళ్ళూ అంతే. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర, పప్పు కూడా వద్దు, అవి రక్తకణాలని పాడుచేస్తాయి.

అత్తయ్యగారి చేత బిస్కెట్లు మాన్పించడం ఎలా అని మీకు టెన్షన్ పట్టుకుని ఉంటుంది. పెద్దావిడతో గొడవ వద్దు. నేను వెళ్ళిన చాలా ఇళ్ళలో చూశాను, కుక్కకి చాటుమాటుగా పెట్టేవాళ్ళ మీదే దానికి ప్రాణం. ఆ ప్రేమని మనం వాడుకోవాలి. పిలుపు మొదట నేర్పేది అత్తయ్యగారే కానివ్వండి. రోజుకి ఇన్ని ముక్కలని ఒక చిన్న స్టీలు డబ్బాలో వేసి ఆవిడ చేతికివ్వండి. “బుజ్జీ, రా” అనాలి, వచ్చాకే పెట్టాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. నిరుడు పటమటలో ఒక ఇంట్లో ఇలాగే చేశాం. ఆ ఇంటి మామ్మగారు కుక్కని పిలిచే పద్ధతి చూసి వాళ్ళబ్బాయే ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు.

ఇక డబ్బాలో ఏం వెయ్యాలి? ఇది మీరూ నేనూ తేల్చేది కాదు, బుజ్జి తేల్చాలి. ప్యాకెట్ మీద బొమ్మ చూసి, ధర చూసి మనం కొంటాం. కుక్క ముక్కుతో చూస్తుంది. మన నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే కుక్క నాలుక మీద 1,700 దాకానే ఉంటాయి. వాసన పట్టే కణాలు మనకి 50, 60 లక్షలు, కుక్కకి జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్లు. నెలల తరబడి కవరులో ఉండి గట్టిపడిన బిస్కెట్‌లో దానికి కావలసిన వాసన ఏముంటుంది? మెత్తగా, కొంచెం తడిగా, గోరువెచ్చగా ఉన్నదే ముక్కుకి తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కని అరచేతిలో అర నిమిషం పట్టుకుని ఇచ్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మీ ఇంట్లో వాడుకోదగ్గవి చెబుతాను. ఉప్పు లేని పన్నీర్, ఉడికించిన చిలగడదుంప, పచ్చికొబ్బరి, నెయ్యి రాసిన చపాతీ ముక్క, ఉప్పు లేకుండా వేయించి పొట్టు తీసిన వేరుశనగ బద్ద, ఛీజ్ ముక్క. ఛీజ్‌లో ఉప్పూ కొవ్వూ ఎక్కువ, దాన్ని అరుదుగా వాడాలి. వీటిలో బుజ్జికి ఏది నచ్చుతుందో రెండు గుప్పిళ్ళ పరీక్షలో తెలుస్తుంది. సాయంత్రం అన్నం వేళకి అరగంట ముందు కింద కూర్చోండి. ఒక గుప్పిట్లో పన్నీర్, ఒక గుప్పిట్లో కొబ్బరి. రెండు చేతులూ ముందుకు చాపి ఊరుకోండి, మాట్లాడొద్దు. బుజ్జి రెండూ వాసన చూస్తుంది. ఏ గుప్పిటని ముక్కుతో పొడుస్తూ, నాకుతూ, వదలకుండా ఉంటుందో ఆ చెయ్యి తెరవండి. గెలిచినదాన్ని మూడోదానితో పోటీ పెట్టండి. ఇలా మూడు రోజులు, రోజూ చేతులు మార్చి చెయ్యాలి. కొన్ని కుక్కలు వస్తువుని చూడకుండా ఎప్పుడూ ఒక వైపు చేతికే వస్తుంటాయి, అందుకని. మూడు రోజులకి మీ దగ్గర మొదటిది, రెండోది, మూడోది అని వరస తయారవుతుంది. ఆ వరస ఒక కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కి అంటించండి.

పరీక్షకి ముందు చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ నాకు మూడు రోజుల బాధ మిగిల్చింది. ఉద్యోగంలో కొత్త. రాణి అని లాబ్రడార్‌ని నాకు అప్పగించారు. లాబ్రడార్ తిండికి ముఖం తిప్పుకోవడం ఎక్కడైనా చూశారా? రాణి తిప్పుకుంది. పక్కవాళ్ళు పెడితే తినేది, నేను పెడితే ముక్కు ముడిచి వెనక్కి వెళ్ళేది. దానికి నేనంటే పడదని బెంగపెట్టుకున్నాను, రాత్రి నిద్ర పట్టలేదు. మూడో రోజు మా ఇన్‌స్ట్రక్టర్ వచ్చి కుక్కని వదిలేసి నా చెయ్యి పట్టుకుని వాసన చూశారు. ఆ వారమంతా నాకు తలనొప్పి, పొద్దున్నే నుదుటికి బామ్ రాసుకుంటున్నాను. సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుని రమ్మన్నారు. కడుక్కుని వచ్చి అదే ముక్క ఇస్తే రాణి తినేసి, నా వేళ్ళ మధ్య కూడా నాకింది. ఆ నాలుక గరుకు నాకిప్పటికీ గుర్తుంది. మీ ఇంట్లో అగరొత్తులు, శానిటైజర్, నిమ్మ వాసన వచ్చే గిన్నెల సబ్బు ఉంటాయి కదా, ఒకసారి మీ చెయ్యి కూడా వాసన చూసుకోండి.

ముక్క ఎంత ఉండాలి? శనగగింజంత. అంతకంటే పెద్దదైతే నమలడానికి ఆగుతుంది, పాఠం మధ్యలో తెగిపోతుంది, కడుపూ నిండిపోతుంది. తాయిలాలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదని పశువైద్యులు చెప్పే లెక్క. బుజ్జికి అది 40, 50 క్యాలరీలు. పన్నీర్‌లో అయితే 15 గ్రాములు, అగ్గిపెట్టెలో సగానికి కాస్త ఎక్కువ. అంతే ముక్కని శనగగింజంత కోసుకుంటే దగ్గర దగ్గర ముప్పై వస్తాయి. రోజుకి ముప్పైసార్లు పిలిచి పెట్టొచ్చన్నమాట.

ఇచ్చే వేళ కూడా ముఖ్యం. బుజ్జి మీ దగ్గరికి చేరిన సెకనులోపు దానికి తెలియాలి, తను చేసింది మంచి పని అని. డబ్బా మూత తీసి, ముక్క వెతికి, చేతికి తీసుకునేసరికి ఐదారు సెకన్లు అవుతాయి. ఈలోగా అది పక్కకి చూస్తుంది, ఆ పక్కచూపుకే తాయిలం దక్కిందనుకుంటుంది. అందుకని ముందు ఒక మాట నేర్పండి. “శభాష్” అనండి, వెంటనే ముక్క పెట్టండి. ఏ పనీ చెప్పకుండా ఇలా పది పదిహేనుసార్లు చెయ్యండి. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్నారు. ఆయన ప్రయోగశాలలో తిండి కనబడకముందే, దానికి ముందు వచ్చే గుర్తుకే కుక్కలకి నోరూరడం గమనించారు. మీ అత్తయ్యగారి డబ్బా మూత చప్పుడుకి బుజ్జి చెవులు లేపడం అదే. ఇక ఆ “శభాష్” మాటే మీ పిలుపుకీ తాయిలానికీ మధ్య వంతెన.

ఇప్పుడు తువ్వాలు. మీరు చివర్లో ఒక్క వాక్యం రాశారు గానీ, నాకు ఉత్తరమంతటిలో అదే పెద్ద కబురు. తిండి మీద ఆశ తక్కువైన కుక్కకి ఆట మీద ఆశ ఉందంటే మీ చేతిలో ఇంకో తాయిలం ఉన్నట్టే. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు పన్నెండు రోజులూ ఘాట్లలో మాకు డ్యూటీ. అప్పటికి రాణి లేదు, దాని తర్వాత వచ్చిన కుక్క నాతో ఉంది. జనం, మైకులు, తడి మెట్లు, పొంగి వచ్చే మనుషుల వాసన. జేబులో ఉడికించిన మాంసం ఉన్నా దానికి కన్నెత్తి చూసే మనసు లేదు. టెన్నిస్ బంతి ఒక్కటే దాన్ని పనిలో నిలబెట్టింది. బ్యాగుల వరస మొత్తం వాసన చూసి ముగించాక, పక్కకి తీసుకెళ్ళి బంతి ఇచ్చేవాణ్ణి. రెండు నిమిషాలు లాగులాట. మళ్ళీ కొత్తగా వచ్చినట్టు పనిలోకి దిగేది. వాసన పట్టే పోలీసు కుక్కలు చాలావాటికి జీతం బంతే.

మామయ్యగారిని ఒక పాత తువ్వాలు అడగండి. మూరెడు పొడవు చించి మధ్యలో ముడి వెయ్యండి. అది బీరువాలో ఉండాలి, బుజ్జికి ఊరికే దొరకకూడదు. పిలవగానే పరుగున వచ్చిందా, ముడి తువ్వాలు తీసి పది సెకన్లు లాగులాట ఆడండి, తర్వాత పన్నీర్ ముక్క చూపించి విడిపించుకోండి. అసలు తువ్వాలు లాక్కెళ్ళినప్పుడు మాత్రం వెంటపడొద్దు. వెంటపడటమే దానికి ఆట. కదలకుండా ఊరుకుంటే రెండు నిమిషాల్లో వదిలేస్తుంది.

మాది గుంటూరు జిల్లాలో మిరప పండే ఊరు. కోతలకి మనుషుల్ని పిలిచేటప్పుడు ఊరి పక్క చేనుకి ఒక కూలి, దూరం చేనుకి ఇంకో కూలి. ఎండ ముదిరాక అదే కూలికి రమ్మంటే ఎవరూ రారు, మా నాన్న కూడా మారు మాట్లాడకుండా పెంచి ఇచ్చేవాడు. కుక్కకీ అంతే. హాల్లో రెండు గజాల దూరం నుంచి రావడం తేలిక పని, కాగితం మీద మూడో వరసలో ఉన్నది చాలు. వసారాలోంచి పిలిస్తే రెండోది. గేటు తీసి ఉండగా, ఎదురింటి పిల్లి కనబడుతుండగా వెనక్కి రావడం మండుటెండలో దూరం చేను. అప్పుడు మొదటి వరసది, ఒకటి కాదు, నాలుగైదు ముక్కలు వెంట వెంటనే, మీద తువ్వాలు ఆట. ఆ మొదటి వరస వస్తువు ఇంకే సందర్భంలోనూ దానికి పెట్టకండి. గేటు పిలుపుకే అంకితం.

ఒక మెట్టు తర్వాత ఒకటిగా వెళ్ళండి. హాలు, వసారా, గేటు మూసి ఉన్న వాకిలి, చివరికి గేటు తీసిన వాకిలి. ఆఖరి మెట్టులో పది గజాల నూలు తాడు కట్టి ఉండాలి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి వచ్చే దాకా పై మెట్టు ఎక్కొద్దు. పిలిచి స్నానం చేయించడం, పిలిచి గొలుసు వెయ్యడం, పిలిచి తిట్టడం ఈ మూడూ ఈ నెలంతా మానేయండి. ఆ పనులకి మీరే దాని దగ్గరికి వెళ్ళండి. ఎండాకాలంలో పాఠం పొద్దున ఆరు లోపే. నాలుక బయటపెట్టి రొప్పే కుక్క తినదు, దానికి అప్పుడు ఒళ్ళు చల్లబరుచుకోవడమే పని. పన్నీర్ కూడా మన ఎండకి అరగంటలో వాసన మారిపోతుంది.

ఇన్ని చేసినా పన్నీరూ కొబ్బరీ దానికి ఆనకపోతే, దుకాణాల్లో ఎండబెట్టిన చికెన్ ముక్కల డబ్బాలు దొరుకుతాయి. వండే పని లేదు. మీ ఇంటి పద్ధతికి ఇబ్బంది లేకుండా డబ్బా వంటింట్లోకి రానివ్వకుండా బయట వసారా గూట్లో పెట్టుకోవచ్చు. ఒప్పుకుంటారా లేదా అన్నది ఇంట్లో పెద్దవాళ్ళ ఇష్టం. ఒప్పుకోకపోయినా బుజ్జి పిలుపు నేర్చుకుంటుంది, తువ్వాలు ఉంది కదా.

ప్రశ్న: సార్, మాది అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు ఒక వీధికుక్క మా మేడ మెట్లెక్కి మాతోనే ఉండిపోయాడు. తర్వాత మేమే పెంచుకుంటున్నాం, పేరు వరదయ్య. ఇంట్లో ఏది పెట్టినా తింటాడు, కూర్చో, ఆగు అన్నీ వింటాడు. కాలువ వైపు నడిపిస్తే మాత్రం చికెన్ ముక్క నోటి దగ్గర పెట్టినా ముట్టడు. ఇంకా మంచి ట్రీట్ ఏదైనా ఉందా?

జవాబు: బాబూ, వరదయ్యకి ఇంకా మంచి ట్రీట్ ఈ భూమ్మీద లేదు. చికెన్ ముక్కలో లోపం లేదు. భయపడిన ఒంట్లో ఆకలి పనిచేయదు. పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లాడికి మీరు బిర్యానీ పెట్టినా దిగదు కదా. ఆ వరద మీరెంత చూశారో వాడూ అంతే చూశాడు, పైగా ఏం జరుగుతోందో వాడికి చెప్పేవాళ్ళు లేరు.

తిండిని మీరు థర్మామీటరులా వాడండి. ఇంటి గుమ్మం దగ్గర ముక్క ఇవ్వండి, తింటాడు. పది అడుగులు నడిచి మళ్ళీ ఇవ్వండి. ఎక్కడ ముక్కు తిప్పుకున్నాడో, లేదా ఎప్పుడూ మెల్లగా తీసుకునేవాడు చటుక్కున వేళ్ళు కరిచేలా లాక్కున్నాడో, అక్కడే వాడి హద్దు. రెండు ఇళ్ళు వెనక్కి రండి. అక్కడ నేల మీద నాలుగు ముక్కలు చల్లి వెతుక్కోనివ్వండి. కింద మూతి పెట్టి వాసన పట్టుకుంటూ తిరగడం వాటి మనసుని నెమ్మదింపచేస్తుంది. ఆ రోజుకి అంతే, ఇంటికి వెళ్ళిపోవాలి. వారానికి ఒక ఇల్లు ముందుకి జరిగినా తొందరేం లేదు. మెడపట్టీ పట్టి నీళ్ళ దగ్గరికి ఈడ్చొద్దు, చికెన్ ఆశపెట్టి కూడా దగ్గరికి లాగొద్దు. అలా మోసపోయాడంటే రేపటి నుంచి చికెన్ చూసినా అనుమానపడతాడు. కాలువ వైపు ఎప్పటికీ వెళ్ళకపోయినా ఫర్వాలేదు. నడవడానికి వేరే వీధులున్నాయి.

ప్రశ్న: గుంటూరు కొరిటెపాడు నుంచి రాస్తున్నాను. మా లాబ్రడార్ పిల్లకి ఐదు నెలలు. నిన్నమొన్నటి దాకా ట్రైనింగ్ బిస్కెట్ అంటే ఎగిరి గంతేసేది. నాలుగు రోజులుగా తీసుకుని వదిలేస్తోంది. రుచి మొహం మొత్తిందంటారా?

జవాబు: హఠాత్తుగా మారిందంటే రుచి సంగతి తర్వాత చూద్దాం, ముందు నోరు తెరిచి చూడండి. కుక్కపిల్లకి 28 పాలపళ్ళు ఉంటాయి. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల్లోపు అవి ఊడి 42 శాశ్వత దంతాలు వస్తాయి. చిగుళ్ళు వాచి, అక్కడక్కడ రక్తం కనబడొచ్చు. గట్టి బిస్కెట్ కొరికితే నొప్పి. మెత్తగా ఉడికిన కారెట్, చికెన్ ముక్క ఇచ్చి చూడండి. గబగబా తింటే పళ్ళ బాధే, ఈ రెండు నెలలు మెత్తటివి వాడండి.

మెత్తటిది కూడా వద్దంటే, ఒళ్ళు వేడిగా ఉంటే, చిగుళ్ళు పాలిపోయి ఉంటే, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చెవుల వెనక, కాలివేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో ఎర్లికియా ఒకటి. అది రక్తకణాల్లో చేరి ప్లేట్‌లెట్లని తగ్గిస్తుంది. తిండి మానేయడం దాని తొలి గుర్తుల్లో ఒకటి. రక్తపరీక్షలో తెలుస్తుంది, త్వరగా పట్టుకుంటే మందులకి లొంగుతుంది. పార్వో అని కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు ఒకటుంది, దాని టీకాలు పూర్తయ్యాయో లేదో కూడా కార్డు తీసి చూసుకోండి. ఈ ఒక్క విషయంలో నా జవాబు కోసం పత్రిక వచ్చేదాకా ఆగకూడదు. నాలుగు రోజులంటే పిల్లకి చాలా ఎక్కువ.

ప్రశ్న: భవానీపురం, ఆటో నడుపుతాను. మా నాటు కుక్కకి కూర్చో, ఉండు నేర్పుతున్నా. ప్యాకెట్ ట్రీట్లు కొనలేను. చికెన్ కూర ముక్కలు కడిగి పెట్టొచ్చా? ఎవరో పీనట్ బటర్ కూడా చెప్పారు.

జవాబు: కూర ముక్క కడిగినా ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం అందులో ఇంకిపోయి ఉంటాయి తమ్ముడూ, వద్దు. పీనట్ బటర్ డబ్బా మీద జైలిటాల్ అని రాసి ఉంటే ఆ డబ్బా ముట్టుకోనే వద్దు. చక్కెర లేనివని అమ్మే కొన్నిటిలో అది ఉంటుంది. కుక్కకి కొంచెం వెళ్ళినా రక్తంలో చక్కెర ఒక్కసారి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

నువ్వు కందనకాయలు తెచ్చుకో. చికెన్ కొట్టులో అడిగితే విడిగా ఇస్తారు, నేను ఇన్నేళ్ళుగా వాడేది అదే. పావుకిలో బాగా కడిగి, ఉప్పు, పసుపు ఏమీ వెయ్యకుండా కుక్కర్‌లో మెత్తబడే దాకా ఉడికించు. ఆ నీళ్ళు పారబొయ్యకు, చల్లారాక కుక్క అన్నంలో కలుపు. ముక్కల్ని శనగగింజంత కొయ్యి. నూనె లేకుండా పెనం మీద సన్నటి సెగన పది నిమిషాలు కదుపుతూ ఉండు. పైన తడి ఆరి, వేళ్ళకి అంటకుండా, లోపల మెత్తగా ఉన్నప్పుడు దించెయ్యాలి. ఎక్కువసేపు ఉంచితే రబ్బరవుతుంది. ఇల్లంతా వాసన వస్తుంది, నీ కుక్క అప్పటికే పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. ఆ కూర్చున్నదానికే మొదటి ముక్క ఇచ్చెయ్యి, పాఠం మొదలైనట్టే. కార్జం వాసన ఇంకా ఘాటుగా ఉంటుంది, కుక్కలు పడి చస్తాయి. కానీ అందులో ఎ విటమిన్ బాగా ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు, నాలుగేసి ముక్కలు చాలు. ఎముకలు మాత్రం ఉడికినవి పెట్టకు, చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

కందనకాయ ముక్కలు ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. ఫ్రిజ్ లేకపోతే ఏ రోజుకి ఆ రోజు గుప్పెడే చేసుకో.